పదహారు అంగుళాలకి ఒక్క చుట్టు

ముప్పై నాలుగేళ్ల నా సర్వీసులో ఒకే ఒక్క మచ్చ ఉంది. దాన్ని నేనే అడిగి మరీ వేయించుకున్నాను, అదీ రిటైరవడానికి ఆర్నెల్ల ముందు. ఎందుకు చేశావయ్యా అని ఇంట్లోనూ బయటా అడగనివాళ్లు లేరు. చెప్పి చెప్పి నోరు అరిగింది. ఒకసారి రాసి పారేస్తే ఇకమీదట అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టి నా మానాన నేను కూర్చోవచ్చు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కూడా చదవాలి. మమ్మల్ని ముసలి మిస్త్రీలని మీరు వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోండి, కానీ చదవండి.

నేను ఆర్మరర్‌ని, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ణి. పేల్చేవాళ్లకి ఫొటోలూ పతకాలూ, మాకు గోళ్ల సందుల్లో నూనె మురికి. ఏ డిపార్టుమెంటో చెప్పను, చెబితే ఇంకో మెమో ఇవ్వడానికి దారి వెతుకుతారు. విశాఖపట్నంలో మా వర్క్‌షాపు. సర్కారు ఆయుధాలతో పాటు, లైసెన్సు ఉన్నవాళ్ల సొంత తుపాకులు కూడా తనిఖీకో రిపేరుకో మా బల్ల మీదికే వచ్చేవి. ఇల్లు కంచరపాలెంలో, పట్టాల పక్కనే. రైలు వస్తే గోడలు అదురుతాయి. మాట మధ్యలో ఆపి, అది వెళ్లాక ఆపినచోటు నుంచే మళ్లీ అందుకోవడం మా వీధిలో అందరికీ అలవాటు.

ఈ కథ నాది కాదు, నా స్నేహితుడిది. నేను బావా అనేవాణ్ణి, వాడూ నన్ను బావా అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం జిల్లా రైతు ఇంట్లో పుట్టి, మిలటరీలో చేసి, రిటైరై ఉక్కునగరంలో కూతురి క్వార్టర్‌లో ఉండేవాడు. సొంతానికి లైసెన్సు రైఫిల్ ఒకటి ఉంది. ఆ రైఫిల్ వల్లే వాడి పేరు షూటర్ల జాబితాలోకి ఎక్కింది.

జాబితా అంటే షోకు వేట అనుకునేరు. అడవిపందులు చెరుకు తోటల్లో పడి రాత్రికి రాత్రి దున్నేసినట్టు చేస్తాయి. రైతులు అర్జీ పెట్టుకుంటే, పైవాళ్లు అనుమతి ఇస్తే, జాబితాలో ఉన్న షూటర్ వెళ్లి కొట్టాలి. కొట్టిన జంతువుని పాతిపెట్టాలి, మాంసం ముట్టకూడదు. మా బావ ఈ పని ఎంత నిష్ఠగా చేసేవాడంటే, సాయంత్రమంతా గట్టు మీద కూర్చుని, పంది ఎదురుగా వచ్చినా పక్కకి తిరిగి భుజం చూపించకపోతే పేల్చకుండా లేచి వచ్చేసేవాడు. "ఇయ్యేల కుదర్నేదు బావా. గాయపడి పరిగెత్తిన జంతువు కంటే బతికున్న జంతువు నయం" అనేవాడు. వాడు పేల్చిందంటూ ఉంటే రెండో తూటా అవసరం పడలేదు.

ఇప్పుడు నా నిర్వాకం. అంతకు నాలుగైదేళ్ల క్రితం వాడి రైఫిల్ బ్యారెల్ పాడైంది. మన ఊరి ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా, కిటికీ ఊచల్నే తినేస్తుంది. అనుమతి కాగితాలన్నీ తెప్పించి, స్టోరులో పడున్న బ్యారెల్ ఒకటి నేనే బిగించాను. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, సరిపోయింది. కొలత గేజీలన్నీ సరిపోయాయి. వాడి దగ్గరున్న తూటాలే అయిదు పేల్చి చూశాను. అయిదు బెజ్జాల మీదా టీ గ్లాసు బోర్లిస్తే మూసుకుపోయాయి. సంతకం పెట్టి ఇచ్చేశాను.

నేను చూడనిది ఒక్కటే, బ్యారెల్ లోపలి మెలి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు. మెలికలు తిరుగుతూ గాళ్లు కోసి ఉంటాయి. ఆ గాళ్లు పట్టుకుని గుండు గిరగిరా తిరుగుతూ బయటికొస్తుంది. ఆ తిరుగుడే దాన్ని ముక్కు ముందుకు పెట్టి తిన్నగా నడిపిస్తుంది. చిన్నప్పుడు బొంగరం తిప్పినవాళ్లకి ఇది తేలిక. పొట్టి బొంగరం కాస్త బద్ధకంగా తిప్పినా నిలబడుతుంది. పొడుగు బొంగరాన్ని తాడు గట్టిగా లాగి తిప్పాలి, లేకపోతే తూలి పడుతుంది. గుండూ అంతే. పొట్టి గుండుకి వదులు మెలి చాలు. పొడుగు గుండుకి బిగువు మెలి కావాలి, అంటే తక్కువ దూరంలో ఒక చుట్టు తిరగాలి. మెలి చాలకపోతే పొడుగు గుండు గాల్లోనే తూలి అడ్డం తిరుగుతుంది. అడ్డంగా తగిలిన గుండు పంది భుజం దాటి లోపలికి పోలేదు, పోయినా అనుకున్న దారిలో పోదు. మెలి మరీ బిగువైతే ఇంకో తంటా ఉంది. పల్చటి తొడుగున్న తేలిక గుండు లోతుకి దిగకుండా పైపైనే చిట్లిపోవచ్చు. బరువైన గుండు అంటే బలమైన గుండని అందరూ అనుకుంటారు. ఏ బ్యారెల్‌లో అని ఎవడూ అడగడు.

నేనూ అడగలేదు. ఆ రకం రైఫిళ్లు నా బల్ల మీదికి వచ్చినవన్నీ పది అంగుళాలకి ఒక చుట్టు తిరిగేవే. ఎప్పుడూ అదే చూశాను కాబట్టి ఈసారి చూడలేదు. కొత్తవాడైతే కొలిచేవాడు. పని బాగా వచ్చినవాడు మాత్రమే చేయగల తప్పు అది. ఈ మాటలో గర్వం ఏమీ లేదు, అది నా నెత్తిన పడింది కాబట్టి చెబుతున్నాను.

నాలుగేళ్లు ఏమీ కాలేదు. బావ వాడేవన్నీ పొట్టి గుళ్లే. ఒక ఏడాది అవి దొరకలేదు, కొత్త రకం వచ్చింది. మా గేటు దగ్గర టీ కొట్టులో కూర్చుని, అరచేతిలో ఒకటి పెట్టి చూపించాడు. సన్నగా, పొడుగ్గా, బరువుగా ఉంది.

"ఎలగుంది బావా? పొడుగ్గా నేదూ?" అన్నాడు.

"బరువు గుండు బావా. పంది తోలుకి ఇదే సరి" అన్నాను.

"కాయితం మీద రెండు పేల్చి సూసి మరీ తీసికెల్తాను. ఈ వారం రేంజి ఇస్తారేటి?"

ఆ వారం రేంజ్ ఖాళీ లేదు. లేకపోతే ఆగమనాలి కదా. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. "అదే బోరు, అదే తుపాకీ, నాను బిగించిన బ్యారెల్. ఇంకేటి సూత్తావు బావా? ఎల్లు."

వాడు వెళ్లాడు.

అనకాపల్లి అవతల ఒక ఊళ్లో, పొద్దు వాలే వేళ, చెరుకు తోట గట్టు మీద, ఎనభై గజాల దూరంలో పంది పక్కకి తిరిగి భుజం చూపించింది. బావ పేల్చాడు. పడాల్సిన పంది పడలేదు. అరుస్తూ గాయంతో తోటలోకి దూరి, అటు పక్క కాపు కాస్తున్న రైతు మీదికి వెళ్లింది. తొడ చీల్చేసింది. రైతు బతికాడు కానీ ఆ కాలు మళ్లీ సరిగ్గా ఆనలేదు.

బావే అతన్ని ఎత్తుకుని ఆటోలో వేశాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి రైఫిల్ అప్పగించాడు. పేరు జాబితాలోంచి తీసేశారు, లైసెన్సు ఆపేశారు, విచారణ వేశారు. వాడు తాగి ఉన్నాడని ఊరంతా పాకింది. వాడు జన్మలో తాగలేదు. విచారణలో మొదట రాసిన కాగితంలో మాత్రం మర్యాదగా రాశారు, వయసు రీత్యా చేతి నిలకడ తగ్గి ఉండవచ్చునని. తాగాడన్నదానికి వాడు నవ్వి ఊరుకున్నాడు. ఈ మర్యాద మాట మాత్రం వాణ్ణి తినేసింది.

పది రోజులకి మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. వాడు తాగలేదు. గ్లాసు పట్టుకుని చెయ్యి నా ముందు చాపాడు.

"సూడు బావా. వనుకుతందా?"

"నేదు."

"సరిగ్గా సూడు."

సరిగ్గా అప్పుడే రైలొచ్చింది. గోడలు అదిరాయి, కుర్చీలు అదిరాయి, గ్లాసులో టీ వణికింది. వాడు ఆ టీనే చూస్తూ కూర్చున్నాడు. రైలు వెళ్లిపోయాక గ్లాసు కింద పెట్టి, "వనికింది బావా. ఆల్లు రాసింది నిజివే. ఆ మడిసి కాలు నానే తీసీసినాను" అన్నాడు.

రైలురా అని అరిచాను. వాడు వినలేదు. ముప్పై ఏళ్లు తన చేతిని నమ్ముకుని బతికిన మనిషి ఇప్పుడు ఒక గ్లాసుని కూడా నమ్మలేకపోతున్నాడు.

పోయేముందు ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. తోటలోనే నెత్తురోడి చచ్చిన పందిని పాతిపెట్టే ముందు తీసిందట. "ఇంత దగ్గిర్నించి కొట్టినా ఎక్కడ తగిలిందో సూడు, ఎంత పక్కకి పోనాదో" అంటున్నాడు. నేను ఎక్కడ తగిలిందో చూడటం లేదు, బెజ్జాన్నే చూస్తున్నాను. తిన్నగా వచ్చిన గుండు గుండ్రటి బెజ్జం చేస్తుంది. ఇది పొడుగ్గా ఉంది, చొక్కా కాజాలాగా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది కానీ అబద్ధం. శుభ్రంగా నిద్రపోయాను. గుండు అడ్డం తిరిగిందని అర్థమైంది కానీ ఆ తప్పు నా చేతిదేనని ఇంకా అర్థం కాలేదు. మర్నాడు వర్క్‌షాపులో తాళం తీయించి, విచారణ కోసం మా దగ్గరే దాచిన ఆ రైఫిల్ని బల్ల మీది వైస్‌కి బిగించి, రాడ్డుకి గుడ్డపీలిక గట్టిగా చుట్టి బ్యారెల్‌లోకి తోశాను. గుడ్డ గాళ్లని పట్టుకుంటుంది, లోపలికి పోయేకొద్దీ రాడ్డు దానంతటదే తిరుగుతుంది. రాడ్డు మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టుకుని, ఆ గీత తిరిగి పైకి వచ్చేదాకా రాడ్డు ఎంత లోపలికి పోయిందో కొలిస్తే అదే మెలి. అయిదు నిమిషాల పని.

పది అంగుళాలు పోయింది. గీత ఇంకా కిందే ఉంది. పన్నెండు పోయింది, పద్నాలుగు పోయింది. పదహారు దగ్గర గీత పైకి వచ్చింది. మూడుసార్లు కొలిచాను. మూడోసారి కొలిచేటప్పుడు వణికింది నా చెయ్యి.

పొట్టి గుళ్ల కోసం కోసిన బ్యారెల్ అది. అందుకే నాలుగేళ్లు నిక్షేపంగా కొట్టింది. పొడుగు గుండు వేస్తే తూలక ఏం చేస్తుంది?

మా ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లి చెప్పాను. గోదావరి జిల్లా మనిషి, చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టాడు.

"ఎందుకండీ మీకీ తలనొప్పి? ఇంకో ఆర్నెల్లలో దండ వేయించుకుని ఇంటికెళ్లేవారు. ఆ బ్యారెల్ బిగించింది ఎవరండీ? మీరే కదా. సంతకం మీదే కదా."

"నాదే సార్. అందుకే చెప్తన్నాను."

"ఆయన లైసెన్సు ఎలాగూ ఇంకో రెండేళ్లకి ఆయనే వదిలేసేవారండీ. వయసైపోయింది. ఆయనకి పోయేదేమీ లేదు, మీకు బోల్డంత ఉంది. ఆలోచించుకోండి."

"ఆడికి పోయింది లైసెన్సు కాదు సార్. ఆడి సెయ్యి పోయింది."

ఆయనకి అర్థం కాలేదు. నేనూ విడమరిచి చెప్పలేదు. చెప్పే ఓపిక ఉన్నవాణ్ణయితే ఇన్నాళ్లూ మిస్త్రీగా ఎందుకుంటాను.

విచారణ అధికారికి ఒక కాగితం పెట్టుకున్నాను, రైఫిల్‌ని రేంజ్‌లో పరీక్షించాలని. బయటి నుంచి వచ్చిన అధికారి, వయసులో నాకంటే బాగా చిన్న. పిస్తోలు పోటీల్లోనూ రైఫిల్ పోటీల్లోనూ కప్పులు గెలిచిన మనిషని విన్నాను. అది విన్నప్పుడే నాకు ఆశ పుట్టింది.

ఆ రోజు రేంజ్‌లో ఎండ మండిపోతోంది. అధికారి, మా ఇన్‌ఛార్జి, నేను, ఇంకో ఇద్దరు. బావని కూడా పిలిపించారు. వాడు దూరంగా, చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. వాడు అలా నిలబడగా అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు.

నేను మెలి గురించి చెప్పడం మొదలుపెట్టాను. అధికారి చెయ్యెత్తి ఆపాడు. "గుండు ముందు చెరుకు గడకి తగిలి అడ్డం తిరిగి ఉండొచ్చు. మీరు స్నేహితుడి కోసం మాట్లాడుతున్నారు, అర్థమైంది. కానీ నాకు కావలసింది సాక్ష్యం."

"తమరే పేల్చండి సార్" అన్నాను.

"నేనా?"

"ఆడు పేలిస్తే సెయ్యి వనికిందంతారు. నాను పేలిస్తే ఆడి బావ అంతారు. తమరైతే గొడవుండదు. ఇక్కడ సెరుకు కూడా నేదు."

మా ఇన్‌ఛార్జి నా మోచెయ్యి గిల్లాడు. అధికారి ఒక్క క్షణం నన్ను చూసి, టోపీ తీసి పక్కన పెట్టి, ఇసుక బస్తాల వెనక పడుకున్నాడు. ముందు పొట్టి గుళ్లు అయిదు ఇచ్చాను. పేల్చాడు. మనిషి నిజంగా గట్టివాడే. వెళ్లి చూస్తే అయిదూ గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి ముడుచుకుని ఉన్నాయి. మొహంలో చిన్న నవ్వు వచ్చింది.

తర్వాత పొడుగు గుళ్లు అయిదు. అదే మనిషి, అదే బస్తా, అదే ఎనభై గజాలు. ఈసారి టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి బెజ్జాలు వేలితో లెక్కపెట్టాడు. కాగితం మీద మూడే ఉన్నాయి. ఒకటి పైమూల, ఒకటి కిందమూల. మూడోది నడుమ దగ్గర్లో తగిలింది కానీ గుండుని పక్కకి పడుకోబెట్టి అచ్చు గుద్దినట్టు, పొడుగ్గా. కాజా. మిగతా రెండూ ఎటు పోయాయో టార్గెట్ వెనకున్న మట్టిగుట్టకే తెలియాలి.

ఇక్కడే నేను నోరు మూసుకోవాల్సింది. పెద్దవాళ్లు ఎవరైనా చెబుతారు, గెలిచినప్పుడు నోరు మూసుకోవాలని. నాకు మాత్రం ఆ "వయసు రీత్యా" అన్న మాటా, తాగాడన్న మాటా గొంతులో ముళ్లలా దిగబడి ఉన్నాయి.

"తమరు కూడా తాగొచ్చినారేటి సార్?" అన్నాను.

ఇన్‌ఛార్జి కళ్లు మూసుకున్నాడు. అధికారి మొహం కందగడ్డలా అయింది. నన్ను అక్కడే సస్పెండ్ చేస్తాడనుకున్నాను. అతను కాగితం విప్పించి, మడిచి, తన ఫైల్లో పెట్టుకున్నాడు. అందుకు ఆ మనిషి అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఆ మాట అన్నందుకు మాత్రం నేను క్షమాపణ చెప్పలేదు, చెప్పను.

తర్వాత రాతకోతలు. బ్యారెల్‌కీ గుండుకీ పొందిక లేకపోవడం వల్ల ప్రమాదం జరిగిందని రిపోర్టులో ఒక్క ముక్క రాస్తే చాలు, ఎవరి పేరూ అక్కర్లేదు, అందరూ బయటపడతారు అని ఇన్‌ఛార్జి బతిమాలాడు. బావ మీద మచ్చ పోతుంది, నా మీద పడదు. అంతకంటే ఏం కావాలి?

నాకు కావాలి. ఎవరి పేరూ లేని రిపోర్టుని ఊరు ఎలా చదువుతుందో నాకు తెలుసు. పెద్దవాళ్లని పట్టుకుని తప్పించుకున్నాడంటారు. బావ కూడా అలాగే చదువుతాడు, తన మీద జాలిపడి రాశారని. అందుకని నా వాంగ్మూలంలో నా చేత్తో నేనే రాశాను. బ్యారెల్ బిగించినది నేను. మెలి కొలవనిది నేను. అతను పేల్చి చూసుకుంటానంటే అక్కర్లేదని చెప్పి పంపినది కూడా నేనే. మూడో వాక్యం ఎవరూ అడగలేదు, ఏ రికార్డులోనూ లేదు. టీ కొట్టులో మా ఇద్దరి మధ్య జరిగింది. అది లేకుండా మొదటి రెండూ సగం అబద్ధం.

చార్జి మెమో వచ్చింది, శిక్ష వచ్చింది. రిటైరైన రోజున మీటింగు క్లుప్తంగా ముగించారు. ఎవరూ వచ్చి పలకరించలేదు కాబట్టి ఆ దండలో పువ్వులు లెక్కపెట్టుకునేంత ఖాళీ దొరికింది నాకు. పోనీయండి. ఆ మెమోని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాను. మా ఆవిడకి తలకొట్టేసినట్టుంది, చుట్టాలొస్తే దాని మీద తువ్వాలు కప్పుతుంది. వాళ్లు వెళ్లాక నేను తీసేస్తాను.

అయితే అంతా నా గొప్పే అని అనుకోకండి. రిటైరైన కొత్తలో పూర్ణా మార్కెట్‌లో పళ్లు కొనుక్కుని ఆ రైతు ఊరు వెళ్లాను. అతను మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. బొంగరంతో సహా అంతా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఆ మిలట్రీ ఆయన తప్పు కాదు, నీ తప్పు."

"అవును."

"మరి నా కాలుకి ఏటి తేడా?"

పళ్లు అక్కడ పెట్టి వచ్చేశాను. మెమోకి ఎదురు తిరగొచ్చు, అధికారికి ఎదురు తిరగొచ్చు. ఆ ప్రశ్న ముందు మాత్రం తల దించుకోవడమే. మీరు మెలి కొలవడానికి బద్ధకించిన రోజున ఆ కాలు గుర్తు తెచ్చుకోండి. ఇప్పటి పిల్లలు మీరు ఫోన్‌లో చూసి చెప్పేస్తున్నారు, ఈ మోడల్‌కి ఇంత మెలి అని. ఫోన్‌లో ఉన్నది ఫ్యాక్టరీ చెప్పిన మాట. మీ బల్ల మీద ఉన్న బ్యారెల్‌ని ఎవడు మార్చాడో, నాలాంటి మేధావి ఎవడు బిగించాడో ఫోన్‌కి తెలియదు. రాడ్డు తొయ్యండి, అయిదు నిమిషాలు.

బావకి లైసెన్సు తిరిగి ఇచ్చారు, జాబితాలోకి కూడా రమ్మన్నారు. వాడు వెళ్లలేదు. కొత్త బ్యారెల్ వేయించుకోమంటే ఆ రైఫిల్ అప్పగించేశాడు. నాతో రెండు నెలలు మాట్లాడలేదు. నాకు అర్థమైంది. తప్పు తనది కాదని తెలిసిన మనిషికి అది ఎవరిదో కూడా తెలుస్తుంది కదా. అందుకు సిద్ధపడే రాశాను.

మూడో నెలలో ఒక ఆదివారం చెప్పులు విడిచి తిన్నగా లోపలికొచ్చి కూర్చున్నాడు. తువ్వాలు కప్పని మెమోని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. గ్లాసు నిండా పోసింది, అంచు దాకా. వాడు అందుకుని పెదాల దాకా తెచ్చేసరికి రైలొచ్చింది. గోడ మీద ఫ్రేము కటకటలాడింది. టీ వణికి రెండు చుక్కలు వాడి వేళ్ల మీద ఒలికాయి.

నేను వాడి మొహమే చూస్తున్నాను. వాడు ఆ చుక్కల్ని చూసుకున్నాడు. పట్టాల వైపు ఉన్న కిటికీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"రైలు బావా" అన్నాడు, తాగేశాడు.